ఫైటర్ చేపకు ఇల్లు: బెజవాడలో ఒక ట్యాంకు డైరీ

డిసెంబరు, మూడో వారం

ట్యాంకు కొలతలు ఖరారయ్యాయి. పొడవు 18 అంగుళాలు, వెడల్పు 10, ఎత్తు 10. గాజు మందం 5 మి.మీ. ఇందులో ఉండబోయేది ఒకే ఒక్క ఫైటర్ చేప. షాపుల్లో ఈ చేపను పావు లీటరు కూడా పట్టని ప్లాస్టిక్ కప్పుల్లో వేసి వరసగా పేర్చి అమ్ముతారు. అలాంటి చేపకు ఇంత ట్యాంకు దేనికని ఇంట్లో వాళ్లూ పక్కింటి వాళ్లూ అడుగుతూనే ఉన్నారు. చేప కావాలన్నది ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి. ముందు ఇల్లు తయారవ్వాలి, నీళ్లు కుదురుకోవాలి, ఆ తర్వాతే చేప అన్నాను. వాడు ఒప్పుకున్నాడు. రోజూ కొలతలు రాసే పని కూడా తనే తీసుకున్నాడు. వంటింటి గోడ మీద క్యాలెండర్‌లో తిథుల పక్కన కాస్త ఖాళీ ఉంటుంది కదా, అక్కడ రాస్తాడట.

ఈ చేప సొంత ఊరు థాయ్‌లాండ్. అక్కడి వరి చేలు, చిత్తడి నేలలు, నాచు పట్టిన పిల్ల కాలవల్లో ఉంటుంది. 2019లో ఆ దేశం దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. దీని తలలో మొప్పల పైభాగాన లాబిరింత్ అనే మడతల అవయవం ఉంటుంది. పైకొచ్చి నోటితో గాలి మింగితే, అందులోని ఆక్సిజన్ అక్కడి నుంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గినా బతికేది అందుకే. కప్పులో వెంటనే చచ్చిపోదు కాబట్టి కప్పు దానికి చాలని జనం నమ్మేశారు. నా బాధంతా దాని గురించే.

కైకలూరు దగ్గర చేపల చెరువులు చేసే మా బాబాయికి ఫోన్లో ఈ మాట చెప్పాను. "కొర్రమీనూ అంతేగా అమ్మాయ్. చెరువు ఎండిపోయినా బురదలో గాలి మింగుతా బతుకుద్ది. అంతమాత్రాన దానికి బురద చాలంటామా? నీళ్లొచ్చాక చూడు, ఎట్టా తిరుగుద్దో" అన్నారు. నిజానికి కొర్రమీనూ ఫైటరూ దగ్గర చుట్టాలే. రెండూ ఒకే వర్గంలోకి వస్తాయి.

ఎత్తు ట్యాంకు కాకుండా పొడవు ట్యాంకు ఎంచుకోవడానికి కారణం కూడా ఆ గాలి మింగడమే. ప్రతిసారీ అడుగు నుంచి పైదాకా ఈదాలంటే, అందులోనూ బరువైన రెక్కలున్న చేపయితే, అలిసిపోతుంది. ఈదడానికి అడ్డంగా చోటుండాలి, ఊపిరికి పైభాగం దగ్గరగా ఉండాలి. 9 అంగుళాల దాకా నీళ్లు పోస్తే 25 లీటర్లు పడతాయి. ఇసుకా రాళ్లూ పోను నికరంగా 22 లీటర్లు. ఒక్క ఫైటర్‌కు 20 లీటర్లకు తగ్గకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు. నీళ్లు తక్కువైతే మలినం చిక్కబడుతుంది, వేడీ చలీ వెంటనే ఎక్కుతాయి, హీటర్ పెట్టడానికి వీలుండదు.

గాజు వన్‌టౌన్‌లో కోయించాం. అడుగు పలక 18×10. ముందు, వెనక పలకలు కూడా అంతే. ఈ రెండింటి మధ్య ఇమడాలి కాబట్టి పక్క పలకల వెడల్పు 10 మి.మీ. తగ్గించి 244 మి.మీ. చేయించాను. అంచులన్నీ రుద్దించాం. రుద్దని గాజు మన చేతుల్నీ కోస్తుంది, చేప తోకనూ చీలుస్తుంది.

జనవరి మొదట్లో

పలకలు అతికించడం అయింది. సిలికాన్ ట్యూబు కొనేటప్పుడు దాని మీద రాసింది పూర్తిగా చదవాలి. బాత్రూముల కోసం అమ్మే రకాల్లో బూజు పట్టకుండా మందు కలుపుతారు. అది చేపలకు విషం. మందు కలపని సాదా సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన పూర్తిగా పోయేదాకా ఆగి, బాల్కనీలో పాత పేపర్లు పరిచి ట్యాంకు నిండా నీళ్లు పోసి వదిలేశాం. పేపరు ఎక్కడా తడవలేదు.

చోటు గురించి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. టీవీ బల్ల వద్దన్నాను. నీళ్లు, గాజు, ఇసుక కలిపి 35 కిలోలు దాటుతుంది. పడమటి గోడ కూడా వద్దన్నాను, వేసవి మధ్యాహ్నాల్లో ఆ గోడ చేత్తో ముట్టుకోలేం. చివరికి హాల్లో తూర్పు వైపున్న కడపబండ అర ఖాళీ చేశాం. బండ మీద థర్మోకోల్ షీటు, దాని మీద ట్యాంకు. కింద ఎక్కడైనా చిన్న ఎత్తుపల్లం ఉంటే బరువంతా ఒక చోటే పడి గాజు పగులుతుంది. థర్మోకోల్ దాన్ని సర్దుకుంటుంది.

నీళ్ల పరీక్ష. మా అపార్ట్‌మెంటుకు పొద్దున కాసేపు మున్సిపల్ నీళ్లు, మిగతా వేళల్లో బోరు. నీళ్లలో కరిగి ఉన్న ఉప్పుల మోతాదు చెప్పే టీడీఎస్ మీటరు బోరు నీళ్లలో 1,080 చూపించింది, మున్సిపల్ నీళ్లలో 310, వంటింటి ఆర్‌వో నీళ్లలో 40. బోరు నీళ్లు పక్కన పెట్టేశాను. ఒట్టి ఆర్‌వో కూడా పనికిరాదు. అందులో ఖనిజాలు దాదాపు ఉండవు కాబట్టి పీహెచ్, అంటే నీటి ఆమ్ల క్షార గుణం చెప్పే అంకె, నిలకడగా నిలబడదు. రెండు వంతులు మున్సిపల్, ఒక వంతు ఆర్‌వో కలిపితే 220 దగ్గర ఆగింది. పీహెచ్ ఏడున్నర దాటి కాస్త పైన ఉంది. ఫైటర్‌కు ఏడు దగ్గర ఇంకా హాయి. అయినా పీహెచ్ దించే మందులు వాడదలచుకోలేదు. అవి ఇవాళ దించుతాయి, రేపు మళ్లీ ఎక్కుతుంది. ఆ ఊగిసలాట కంటే ఒకే అంకె దగ్గర నిలబడిన నీళ్లు చేపకు నయం.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మన తాగునీటి ప్రమాణాల ప్రకారం కుళాయి దగ్గరికొచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. మిగిలి ఉండాలి. మనకు అది రక్ష, చేప మొప్పలకూ ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాకూ దెబ్బ. బకెట్లో రాత్రంతా మూత లేకుండా ఉంచితే చాలావరకు పోతుంది. దాని మీద హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, కూడా వేస్తున్నాను. 1 మి.గ్రా. క్లోరిన్‌ను తీసేయడానికి సుమారు 7 మి.గ్రా. హైపో పడుతుంది కాబట్టి బకెట్‌కు చిటికెడు కంటే తక్కువే చాలు.

ఇసుక కృష్ణదే, పక్క వీధిలో ఇల్లు కడుతున్న వాళ్లను అడిగి తెచ్చుకున్నాం. జల్లించి, నీళ్లు తేటపడేదాకా కడిగి, కొంచెం తీసి దాని మీద వెనిగర్ పోశాం. బుడగలు వస్తే అందులో గుల్లలో సున్నపురాయో ఉన్నట్టు, అవి నీళ్ల గట్టిదనాన్ని పెంచుతూ పోతాయి. బుడగలు రాలేదు. 3 సెం.మీ. మందంగా పరిచాం.

సంక్రాంతి తర్వాత

అసలు పని ఇప్పుడు మొదలైంది. ట్యాంకులో నీళ్లున్నాయి, గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ బుడగలు వదులుతోంది, చేప మాత్రం లేదు. వచ్చిన వాళ్లంతా "చేపేదీ?" అని అడుగుతున్నారు.

చేప విసర్జించేదీ, తినకుండా మిగిలిన మేతా కలిసి అమోనియా అవుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ చేపకు విషాలు. మూడోది మితంగా ఉంటే ఫర్వాలేదు, కొంత మొక్కలు పీలుస్తాయి, మిగిలింది నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ బ్యాక్టీరియా స్పాంజిలో, ఇసుకలో, రాళ్ల మీద పొరలా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపను ముందే వేస్తే ఆ వారాలన్నీ అది తన విషంలోనే ఈదాలి. కొత్త ట్యాంకులో వేసిన చేప పది రోజులకే పోయిందని చెప్పేవాళ్లు ఎందరో. వాళ్లలో చాలామందికి ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పి ఉండరు.

చేప లేకుండా అమోనియా ఎక్కడి నుంచి తేవాలి? ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్లు వాడే నవసాగరం ఉంది కదా, అది అమ్మోనియం క్లోరైడే. బజారు సరుకులో ఇంకేం కలిసి ఉంటాయో చెప్పలేం కాబట్టి లేబరేటరీ కెమికల్స్ అమ్మే షాపులో శుద్ధమైనది కొన్నాను. 1 పీపీఎం, అంటే లీటరుకు 1 మి.గ్రా., అమోనియా రావాలంటే లీటరుకు 3.14 మి.గ్రా. వెయ్యాలి. మా 22 లీటర్లకు 2 పీపీఎం కావాలంటే దాదాపు 140 మి.గ్రా. అంత కొంచెం తూచడం కష్టం కనుక 3 గ్రాములు 300 మి.లీ. ఆర్‌వో నీళ్లలో కరిగించి, అందులోంచి సిరంజితో 14 మి.లీ. తీసి పోశాం. లెక్క మా వాడు నోట్‌బుక్‌లో చేశాడు, నేను సరిచూశాను.

హీటర్ 28 డిగ్రీల దగ్గర పెట్టాను. ఈ రోజుల్లో బెజవాడ రాత్రులు 20 డిగ్రీల కిందికి దిగుతున్నాయి, చలికి బ్యాక్టీరియా పెరుగుదల మందగిస్తుంది. హీటర్ 50 వాట్లది, థర్మోస్టాట్ ఉన్నది. దాన్ని మాత్రమే నమ్ముకోకుండా ట్యాంకు రెండో మూలన విడిగా థర్మామీటర్ పెట్టాను. వైర్లన్నీ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా కట్టాం, వైరు వెంట జారిన నీటి చుక్క ప్లగ్గులోకి పోకుండా కింద రాలిపోవాలి. గాలి పంపు గొట్టానికి నీళ్లు వెనక్కి రాకుండా చిన్న వాల్వు బిగించాం. కరెంటు పోయినప్పుడు ట్యాంకు నీళ్లు గొట్టంలోంచి పంపులోకి దిగే ప్రమాదం ఉంది.

ఫిబ్రవరి

బాబాయి వచ్చారు. వస్తూ రొయ్యల రైతులు వాడే అమోనియా, నైట్రైట్ కిట్లు అక్కడి ఆక్వా షాపులో కొనుక్కొచ్చారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పీహెచ్, ఆల్కలినిటీ, ప్రోబయోటిక్స్ అనేవి టీ కొట్టు దగ్గర మాట్లాడుకునే మాటలు. ఎకరాల చెరువుకు నీళ్ల పరీక్ష లేకుండా మేత కూడా వెయ్యరు. అంత తెలివిడి ఉన్న నేల మీదే, గంటన్నర ప్రయాణం దూరంలో, ఇంకో చేపను కప్పులో పెట్టి "దీనికేం అక్కర్లేదండి" అని అమ్ముతున్నారు. ఈ రెండింటి మధ్య దూరం తగ్గాలన్నది నా కోరిక.

సీసాలో నీళ్లు తీసి చుక్కలు వేశాం. అమోనియా సీసా లేత పచ్చగా, నైట్రైట్ సీసా ముదురు గులాబీగా మారాయి. "నైట్రైటు తేలిందంటే సగం పని అయినట్టే. ఇక్కడే తొందరపడతారు జనం. ఆగు" అన్నారు బాబాయి. చెరువులో నైట్రైట్ పెరిగితే ఉప్పు చల్లుతారట. ఉప్పులోని క్లోరైడ్, నైట్రైట్‌ను మొప్పల్లోంచి లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. చేప లేని ట్యాంకులో ఆ అవసరం లేదు.

ఈలోపు మొక్కలు. అనూబియాస్, జావా ఫెర్న్ రెండింటినీ ఇసుకలో పాతలేదు. వాటి అడ్డ కాండాన్ని పాతితే కుళ్లుతుంది, దారంతో రాయికి కట్టాం. పైన తేలడానికి నర్సరీ నుంచి అంతర తామర. దాని వేళ్లు గడ్డంలా కిందికి దిగి వెలుతురు తగ్గిస్తాయి, ఫైటర్‌కు ఆ నీడ ఇష్టం. బందరు కాలవలోంచి మొక్కలు తెచ్చుకోవచ్చని కొందరు సలహా ఇచ్చారు. నేను తేను. ఆ నీళ్లలో ఏం కలుస్తుందో తెలియదు, జలగలూ పురుగులూ వెంట వస్తాయి. ప్లాస్టిక్ మొక్కలూ వద్దనుకున్నాను, వాటి కొసలకు రెక్కలు చిరుగుతాయి.

బాదం ఆకులు కూడా ఇప్పుడే ఏరుకోవాలి. మా వీధి చివర బాదం చెట్టు ఎర్రబడి రాలుస్తోంది. ప్రపంచమంతా ఫైటర్ పెంచేవాళ్లు డబ్బు పెట్టి కొనుక్కునే ఆకు మనకు కాళ్ల కింద పడి ఉంటుంది. దానంతట అది ఎండి రాలినదే కావాలి, పచ్చిది పనికిరాదు. మచ్చలూ పిట్టల రెట్టలూ లేనివి ఏరి, కడిగి, ఆరబెట్టి డబ్బాలో దాచాం. ట్యాంకుకు ఒక ఆకు. నీళ్లు పల్చటి టీ రంగుకు తిరుగుతాయి. ఆకులోని టానిన్లు నీటి పీహెచ్‌ను కాస్త దించుతాయి, ఫంగస్‌ను కొంత అదుపులో ఉంచుతాయి. ఆకు కింద చేపకు దాక్కునే చోటు కూడా. జబ్బులన్నిటికీ ఇదే మందని అనేవాళ్లను మాత్రం నమ్మకండి.

శివరాత్రి దాటాక

పొద్దున 2 పీపీఎం అమోనియా వేస్తే మర్నాటి పొద్దుటికి అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా. ఇదే మేం ఎదురుచూసిన గుర్తు. పేరుకున్న నైట్రేట్ పోవడానికి ముప్పావు వంతు నీళ్లు మార్చి, హీటర్ 27కు దించి, చేప కోసం బయల్దేరాం.

షాపులో బారెడు తోకల హాఫ్‌మూన్ రకం ఫైటర్లు చాలా ఉన్నాయి. చూడ్డానికి అందమే, కానీ ఆ తోక బరువు మోయలేక చేప మాటిమాటికీ ఆకుల మీద ఆనుకుంటుంది, కొన్ని తమ తోకను తామే కొరుక్కుంటాయి. మేం పొట్టి రెక్కల ప్లాకట్ తీసుకుందాం అనుకునే వెళ్లాం. చురుగ్గా ఈదుతుంది, శరీరం అడవి రకానికి దగ్గరగా ఉంటుంది. కప్పు దగ్గర వేలు కదిపితే తిరిగి చూడాలి. రెక్కలు ముడుచుకుని ఉండకూడదు. కళ్లు తేటగా, పొట్ట లోపలికి పోకుండా ఉండాలి. ఫోన్ టార్చి వేసి ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు గానీ, బంగారు రంగు దుమ్ము గానీ ఉందేమో చూశాను. రెండూ జబ్బు గుర్తులే. ముదురు నీలం ప్లాకట్ ఒకటి నచ్చింది. మా వాడు "నీలు" అని పేరు పెట్టాడు. "కప్పులోనే బతుకుతుందండీ, వారానికోసారి నీళ్లు మారిస్తే చాలు" అని షాపతను చెప్పాడు. నేను మా ట్యాంకు ఫోటో చూపించి, మొదటి నాలుగు వారాలు ఎందుకు ఖాళీగా ఉంచామో చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు.

కవరును ట్యాంకు నీళ్లలో తేలేసి వేడి సమానమయ్యాక, గిన్నెలోకి మార్చి, మా నీళ్లు కొంచెం కొంచెంగా గంటసేపు కలిపాం. షాపు నీళ్లు ట్యాంకులో పొయ్యలేదు. లైటు ఆర్పేశాం.

మొదటి సాయంత్రం నీలు వెనక మూల వదల్లేదు. రెండో రోజు ట్యాంకు పొడవునా ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఈదింది, తిరిగి వచ్చింది, అనూబియాస్ చుట్టూ తిరిగింది, పైకెళ్లి గాలి మింగింది. వారం గడిచేసరికి మా వాడు హాల్లోకి వస్తే చాలు, ముందు గాజు దగ్గరికి వచ్చేస్తోంది. ఈ చేప మనుషుల్ని గుర్తుపడుతుందని చదివినదానికీ, కళ్లతో చూసినదానికీ చాలా తేడా ఉంది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఉగాది

మేత సంగతి. ఫైటర్ పురుగులు తినే చేప, నోరు పైకి తిరిగి ఉండేది అందుకే. మరమరాలు, అన్నం, బ్రెడ్డు ముక్కలు వెయ్యకూడదు. పొద్దున మూడు, సాయంత్రం మూడు చిన్న పెల్లెట్లు, వారానికి ఒకటి రెండుసార్లు డాఫ్నియా అనే చిన్న నీటి పురుగులు, వారంలో ఒక పూట ఉపవాసం. ఇంట్లో పెద్దవాళ్లకు ఇది నచ్చడం లేదు, చేప పైకొచ్చి చూస్తుంటే ఆకలేస్తోందని అంటారు. అందుకే రోజు మేత చిన్న డబ్బాలో లెక్కగా పెట్టి, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతేనని నియమం పెట్టాను. దోమ లార్వాలు దీనికి సహజమైన ఆహారమే. కానీ డెంగీ భయం ఉన్న ఊళ్లో బకెట్లో లార్వాలు పెంచే పని పెట్టుకోను.

దోమల మాట వచ్చింది కాబట్టి ఒక ముఖ్యమైన విషయం. దోమల లిక్విడ్లు, కాయిల్స్, స్ప్రేలలో ఉండేవి ఎక్కువగా పైరెత్రాయిడ్ మందులు. మనుషులకంటే చేపలకు అవి ఎన్నో రెట్లు విషం. పైగా గాలి పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి పంపుతుంది. మా హాల్లో లిక్విడ్ మెషిన్ తీసేశాం, కిటికీలకు మెష్ కొట్టించాం, పడకలకు దోమతెరలు. వీధిలో ఫాగింగ్ బండి చప్పుడు వినపడితే తలుపులు మూసి, పంపు ఆపి, ట్యాంకు మీద తడిగుడ్డ కప్పుతాం. ఫైటర్‌కు కాసేపు పంపు లేకపోయినా ఇబ్బంది ఉండదు. పొగ పూర్తిగా పోయాక మళ్లీ వేస్తాం. అగరొత్తులు కూడా పంపుకు దూరంగానే.

నీలు నీటి పైన అంతర తామర ఆకుల మధ్య నురుగు గూడు కట్టింది. మగ చేప గుడ్ల కోసం కట్టేది. మా వాడు ఆడ చేపను తెద్దామన్నాడు, వద్దన్నాను. జత కట్టించడం వేరే పెద్ద పని, కలిపి ఉంచితే ఆడదాన్ని గాయపరుస్తుంది. ఇంకో మగదైతే చెప్పనే అక్కర్లేదు. సరదా కోసం అద్దం చూపించి కోపం తెప్పించడం కూడా మా ఇంట్లో లేదు.

వారానికి పావు వంతు నీళ్లు మారుస్తున్నాం. స్పాంజిని కుళాయి కింద కడగకూడదు. తీసిన ట్యాంకు నీళ్లలోనే పిండాలి, లేకపోతే క్లోరిన్‌కు బ్యాక్టీరియా పోతుంది.

మే

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే కష్టమైన భాగం బెజవాడ ఎండ. ఫైటర్ గురించి రాసేవాళ్లంతా హీటర్ గురించి రాస్తారు. ఇక్కడ హీటర్ పని రెండు మూడు నెలలే. మిగతా ఏడాది చల్లబరచడమే పని.

ఏప్రిల్ చివరికే మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు 31 దాటాయి. మే మొదటి వారంలో గదిలో 37, నీళ్లలో 33. ఫైటర్‌కు హాయిగా ఉండేది 25 నుంచి 28. వేడి పెరిగితే ఒకేసారి అనేక ఇబ్బందులు వస్తాయి. చేప ఒంట్లో పనులన్నీ వేగం పుంజుకుంటాయి, అలిసిపోతుంది. నీళ్లలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మి.గ్రా. దాటి పట్టేది 35 దగ్గర 7కు పడిపోతుంది. చేప పైగాలి మింగి నెట్టుకొస్తుంది, స్పాంజిలోని బ్యాక్టీరియాకు ఆ వీలు లేదు. అమోనియా సంగతి ఇంకా ముఖ్యం. పీహెచ్ 7, వేడి 25 డిగ్రీలైతే మొత్తం అమోనియాలో విషరూపంలో ఉండేది అర శాతం చిల్లర. పీహెచ్ 8, వేడి 30 అయితే అది 7 శాతం దాటుతుంది. చలికాలంలో ఫర్వాలేదనిపించిన అంకె ఎండాకాలంలో ప్రాణం తీస్తుంది. అందుకే మేత తగ్గించాం, పరీక్షలు పెంచాం.

చల్లబరచడానికి కుండ సూత్రమే వాడుకున్నాం. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. 100 మి.లీ. ఆవిరైతే, మా 22 లీటర్ల నీళ్లు రెండున్నర డిగ్రీలు చల్లబడేంత వేడి పోతుంది. గదిలోంచి వేడి మళ్లీ వచ్చి చేరుతూనే ఉంటుంది కాబట్టి ఆవిరి ఆగకుండా జరగాలి. పాత కంప్యూటర్లోంచి తీసిన 12 వోల్టుల ఫ్యాన్లు రెండు, పాత అడాప్టరుకు కలిపి, నీటి మీదుగా ఏటవాలుగా గాలి వీచేలా ట్యాంకు అంచుకు బిగించాం. గాజు మూత తీసేసి దోమల మెష్‌తో ఫ్రేము కట్టాం. ఫైటర్ గెంతే చేప, మూత అసలు లేకుండా ఉంచకూడదు. మెష్‌లోంచి ఆవిరి పోతుంది, చేప పోదు.

ఫలితం: వడగాడ్పులు పొడిగా వీచే మధ్యాహ్నాల్లో 33 నుంచి 30కి, ఒక్కోసారి ఇంకా కిందికి. గాలిలో ఉక్క ఎక్కువైన రోజుల్లో ఒకటి ఒకటిన్నర డిగ్రీ మాత్రమే. రోజుకు ముప్పావు లీటరు దాకా నీరు తగ్గుతోంది. దాన్ని ఆర్‌వో నీళ్లతోనే పూడ్చాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పులు అక్కడే మిగులుతాయి. మామూలు కలిపిన నీళ్లే పోస్తూ పోతే వారంలో టీడీఎస్ 50 దాకా పెరుగుతుంది. మా వాడి క్యాలెండర్ లెక్క ప్రకారం మాది 220, 230 మధ్యే ఉంది.

ఐసు ముక్కలు వెయ్యమని చాలామంది చెబుతున్నారు. వేడి ఒక్కసారిగా పడిపోతే చేపకు వేడికంటే పెద్ద దెబ్బ. మరీ తప్పనప్పుడు చిన్న సీసాలో ఆర్‌వో నీళ్లు గడ్డకట్టించి, మూత బిగించి తేలేసి, గంటకు ఒక డిగ్రీ కంటే ఎక్కువ దిగకుండా చూస్తున్నాం.

రోహిణి కార్తెలో నీలు మేత మానేసింది. అనూబియాస్ ఆకు మీద పడుకుని ఉంది, మొప్పలు వేగంగా ఆడుతున్నాయి. ఇంట్లో అందరికీ టెన్షన్. అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా, ఒంటి మీద మచ్చ లేదు, పొలుసులు లేచి లేవు. కాబట్టి మందులేవీ వెయ్యలేదు. జబ్బేమిటో తెలియకుండా రంగు మందులు పొయ్యడం చాలా ఇళ్లలో చేపను చంపుతున్న అలవాటు. లైటు పూర్తిగా ఆపి, పగలు కర్టెన్లు వేసి, ఫ్యాన్లు రాత్రి కూడా ఆడించాం. "మా చెరువుల్లో ఏరేటర్లు అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా కచ్చితంగా తిప్పుతాం అమ్మాయ్. ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువుండేది తెల్లారగట్ల. నువ్వు పంపు ఆపొద్దు" అన్నారు బాబాయి. కరెంటు కోతల కోసం పవర్ బ్యాంకు మీద నడిచే యూఎస్‌బీ పంపు ఒకటి కొన్నాం. నీళ్లు 30కి దిగి అక్కడ నిలబడ్డాక ఒక పెల్లెట్ తీసుకుంది. ఆ తర్వాత మెల్లగా మామూలైంది.

ఆగస్టు

వానలు పడ్డాయి, కృష్ణకు కొత్త నీరు వచ్చింది. కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన గట్టిగా తెలుస్తోంది. ఎర్రనీటి కాలంలో శుద్ధి చేసేవాళ్లు మోతాదు పెంచడం మామూలే. బకెట్ నీళ్లు రెండు రాత్రులు ఆరనిచ్చి, హైపో కూడా పెంచి వాడుతున్నాం. క్లోరిన్ చూసే చుక్కల మందుతో సున్నా వస్తేనే ట్యాంకులోకి.

ఫ్యాన్లు తీసేసి గాజు మూత పెట్టాం, మూతకూ నీటికీ మధ్య అంగుళం ఖాళీతో. చేప మింగే గాలి అక్కడ వెచ్చగా, తేమగా ఉంటుంది.

తోక చివర కొంచెం చీలి, అంచు నల్లబడింది. రెక్క కుళ్లు మొదట్లో ఇలాగే ఉంటుంది. కళ్లుప్పు వెయ్యమన్నారు, మొక్కలున్నాయి కాబట్టి ట్యాంకులో వెయ్యలేదు. వారానికి ఒక్కసారి మార్చే నీళ్లు మూడుసార్లకు పెంచి, బాదం ఆకు కొత్తది వేశాం. అంచు ఇంకా లోపలికి పాకితే విడి డబ్బాలో ఉప్పు నీళ్లకు సిద్ధంగా ఉన్నాం, ఆ అవసరం రాలేదు. ఇప్పుడు చీలిన చోట సన్నటి రంగులేని పొర పెరుగుతోంది. కొత్త రెక్క అలాగే వస్తుంది, రంగు తర్వాత ఎక్కుతుంది.

ఈ వారం కొలతలు: నీళ్లు 28, పీహెచ్ 7.4, అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా, టీడీఎస్ 225.

కింది ఫ్లాట్ వాళ్ల పాప దగ్గర గాజు గిన్నెలో ఒక ఎర్ర ఫైటర్ ఉండేది, వేసవి దాటలేదు. వాళ్లమ్మ మళ్లీ కొనే ముందు మా ఇంటికొచ్చి అన్నీ అడిగారు. మాలాగే 18 అంగుళాల ట్యాంకు కట్టించుకున్నారు. నిన్న మా స్పాంజిని వాళ్ల ట్యాంకు నీళ్లలో పిండి, అందులోంచి ఒక ముక్క కోసి వాళ్ల ఫిల్టర్‌కు కట్టాను. మా బ్యాక్టీరియాతో మొదలైతే వాళ్లకు ఆరు వారాలు పట్టకపోవచ్చు. కిట్లు కూడా ఇచ్చాను. మా వాడు వాళ్ల క్యాలెండర్‌లో గడులు గీసిచ్చాడు. వేసిన అమోనియా ఒక్క రోజులో పూర్తిగా పోయి, నైట్రైట్ కూడా సున్నా చూపించేదాకా షాపు వైపు వెళ్లొద్దని ఆ పాపకు గట్టిగా చెప్పాను.